వంద పేజీల నోటుబుక్కు: ఇటు వంగపండు, అటు గద్దర్

1990లో నేనూ, మా సిద్దిపేట వాడూ చిక్కడపల్లిలో ఒక డాబా మీద రేకుల గదిలో ఉండేవాళ్ళం. సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్ళేంత దూరం. గ్రూప్ టూకి చదువుతున్నామని ఇళ్ళల్లో చెప్పుకున్నాం. అబద్ధమేమీ కాదు, పగలంతా లైబ్రరీలోనే ఉండేవాళ్ళం. రాత్రి గదికి వచ్చి, కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొట్టి, అన్నం గిన్నె ఎక్కించి, అది ఉడికేలోపు ఒక గొడవ మొదలుపెట్టేవాళ్ళం. అన్నం తిని, గిన్నెలు కడిగి, దీపం ఆర్పాక కూడా చీకట్లో అది నడుస్తూనే ఉండేది. పాట రాయడంలో ఎవరు గొప్ప? వంగపండు ప్రసాదరావా, గద్దరా?

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా ఈడువాళ్ళు చిరంజీవి, బాలకృష్ణల కోసం కొట్టుకునేవాళ్ళు. మాకు ఇది దొరికింది.

వాడి పేరు రాయను. ఇప్పుడు మనవడిని ఎత్తుకుని తిరుగుతున్న పెద్దమనిషి. అప్పట్లో వాడు నన్ను "పార్వతీపురం" అని పిలిచేవాడు, నేను వాణ్ణి "సిద్దిపేట" అనేవాణ్ణి. నిజానికి మాది పార్వతీపురం కాదు, బొబ్బిలి వైపు ఒక పల్లె. ఎన్నిసార్లు చెప్పినా "రెండూ ఒక్కదిక్కే గద" అనేవాడు. వాడిది కూడా సిద్దిపేట కాదు, అక్కణ్ణించి ఇంకో బస్సెక్కాలి. అది తెలిసే నేనూ మార్చుకోలేదు.

గొడవకి అసలు కారణం నిజాం కాలేజీ సభ. కొన్నేళ్ళ అజ్ఞాతవాసం తర్వాత గద్దర్ బయటికి వచ్చాడు, ఆ ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో సభ పెట్టారు. ఇద్దరం వెళ్ళాం. అంత జనాన్ని నేను అంతకుముందు ఒక్క చోట చూడలేదు. మేం నిలబడ్డ చోటికి ఆ మనిషి అగ్గిపుల్లంత కనిపించాడు. కానీ గొంతు నేరుగా వచ్చి రొమ్ముకి తగిలేది. సిద్దిపేట వాడు జనంతో కలిసి పాడీ పాడీ గొంతు పోగొట్టుకుని రెండు రోజులు సైగలతో బతికాడు. మూడో రోజు గొంతు వచ్చాక వాడి మొదటి మాట ఇది: "తెలుగుల ఇంత పెద్ద పాటకవి ఇంకోడు పుట్టలే."

నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. "మా వంగపండు ఉన్నాడు కదా" అన్నాను, పెద్ద పట్టుదల ఏమీ లేకుండానే.

"ఎవరు?" అన్నాడు.

ఆ "ఎవరు" నాకు సర్రున ఎక్కింది. మూడు దశాబ్దాల గొడవకి అదే పునాది.

ఎక్కడానికి కారణం మా అమ్మ. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు, ఊడుపులకి వెళ్ళిన ఆడవాళ్ళు వంగి నారు నాటుతూ "ఏం పిల్లో ఎల్దమొస్తవ" అని ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. నేను గట్టు మీద కూర్చుని వినేవాణ్ణి. అదేదో బావామరదళ్ళ సరసం పాట అనుకునేవాణ్ణి. పిల్లా వస్తావా అంటున్నాడు, జాతరకో సంతకో తీసుకెళ్తాడు కాబోలు. "ఎవరు రాసేరే అమ్మా?" అని అడిగితే "పాటల్ని రాస్తారేట్రా? పాడతారు గానీ" అంది. ఆ మాట నాకు చాలాకాలం నిజమే అనిపించింది. తర్వాత ఎప్పుడో మా మావ చెప్పాడు, అది మన పెదబొండపల్లి ప్రసాదరావు రాసిన పాట అని, ఆ పాటలో ఎల్దమంటున్నది జాతరకి కాదని. శ్రీకాకుళం కొండల్లో చిలకలు కత్తులు దులిపే చోటికి, అంటే పోరాటానికి రమ్మంటున్నాడని. అప్పుడు గట్టు మీద కూర్చుని విన్న పాట మొత్తం తిరగబడినట్టయింది. మా అమ్మకి ఈ సంగతి తెలుసో తెలీదో నేను అడగలేదు. తెలిసే పాడి ఉంటుందని ఇప్పుడు అనుమానం.

ఇదంతా సిద్దిపేట వాడికి చెప్పాను. వాడు విని, "పాట మంచిగనే ఉంది. గద్దర్ పాడితే ఇంకా మంచిగుంటది" అన్నాడు. ఇలాంటివాడితో ఎలా వేగడం?

ఇక్కడొక మాట చెప్పాలి. మేం పోల్చుతున్న ఇద్దరూ ప్రత్యర్థులేమీ కారు. 1972లో పుట్టిన విప్లవ పాటల బృందం జననాట్యమండలికి ఇద్దరూ మొదటి తరం మనుషులు. ఒకే గొంగడి, ఒకే డప్పు. ఒకరు తూప్రాన్ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్ రావు, కెనరా బ్యాంకులో గుమస్తాగా చేసి 1984లో రాజీనామా ఇచ్చినవాడు. పెట్టుకున్న పేరు బ్రిటిష్‌వాళ్ళ మీద తిరగబడిన గదర్ పార్టీ నుంచి వచ్చింది. ఇంకొకరు విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసిన కార్మికుడు. వాళ్ళకి లేని పోటీ మాకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కూడా కలిసే భోంచేసేవాళ్ళు, అభిమానులే కదా తలలు పగలగొట్టుకున్నది.

కొన్ని రాత్రుల తర్వాత గొడవకి ఒక పద్ధతి ఉండాలనుకున్నాం. వంద పేజీల నోటుబుక్కు కొన్నాం. పేజీ మధ్యలో నిలువుగీత. ఎడమ గడి వంగపండు, కుడి గడి గద్దర్. పాట మొదటి ముక్క రాయడం, పక్కన పదికి మార్కులు వెయ్యడం. నేను పెట్టిన షరతు ఒక్కటే: గొంతు లెక్కలోకి రాదు, డప్పు లెక్కలోకి రాదు, కాగితం మీద మాటలే లెక్క. పాటని పేపర్లో వార్త చదివినట్టు చదవాలి. అప్పుడు ఏది నిలబడితే అదే గొప్ప రాత.

సిద్దిపేట వాడు ఒప్పుకోలేదు. "పాట పీక పిసికి కాయితం మీద పండబెడతవ్. పండబెట్టి లేచి మాట్లాడమంటవ్. ఇదేం న్యాయం రా?" అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు గానీ ఆ వారం వంట నాది అన్న షరతు మీద.

కాగితం మీద అయితే నేనే గెలుస్తానని నాకు ధీమా. ఎందుకంటే నా దగ్గర "ఎల్దమొస్తవ" ఉంది. ఒక్క మాట గురించి నేను ఆ గదిలో వాడికి ఎన్ని రాత్రులు ఉపన్యాసం ఇచ్చానో లెక్కలేదు. "వెళ్దాం, వస్తావా?" అని పుస్తకాల భాషలో రెండు మాటలు, మధ్యలో ఒక కామా. మా వైపు ఆ కామా ఉండదు. వకారం ముందే రాలిపోతుంది. "ఎల్దం" అన్న నిర్ణయం, "ఒస్తవ" అన్న ప్రశ్న అతుక్కుపోతాయి. నేను బయల్దేరిపోయాను, నువ్వు రావడమే తరువాయి, అయినా నీ ఇష్టమే. బతిమాలడం లేదు, ఆజ్ఞ లేదు. కాస్త సరసం, కాస్త సవాలు. ఒక ఉద్యమానికి జనాన్ని పిలవాలంటే ఇంతకంటే మర్యాదైన పిలుపు, ఇంతకంటే కొంటె పిలుపు ఇంకోటి ఉంటుందా? కదలి రండి, లేచి రండి అని పిలిచిన పాటలు వందలున్నాయి. వాటిలో పిలిచేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైన నిలబడి ఉంటాడు. ఇక్కడ మాత్రం గట్టు మీద పక్కనే ఉన్నాడు.

"మా దిక్కు పోదాం వస్తవా అంటం" అన్నాడు సిద్దిపేట వాడు. అని, రెండు మూడుసార్లు నోట్లోనే అనుకుని చూశాడు. "పోదామొస్తవా... ఊఁ, అతుకుతలేదు." ఆ రాత్రి పదికి తొమ్మిది వేశాడు. ఒక మార్కు ఎందుకు తగ్గించావంటే అన్నంలో రాయి తగిలిందన్నాడు.

యంత్రం పాటకి కూడా మంచి మార్కులే పడ్డాయి. "యంత్రమెట్లా నడుస్తు ఉందంటే" అని మొదలయ్యే పాట. మా మావ విశాఖలో సింధియా దగ్గర ఉండేవాడు, షిప్‌యార్డులో కాంట్రాక్టు పని. వంగపండుని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశాడో లేదో గానీ, ఇద్దరం ఒకే షిఫ్టులో డ్యూటీ చేసినట్టే మాట్లాడేవాడు. ఆ పాటలో నాకు నచ్చింది దాని మొదలు. ఏదో పిల్లవాడు అడిగినట్టు అడుగుతాడు, ఈ యంత్రం ఎలా నడుస్తోంది అని. కరెంటు వల్ల, బొగ్గు వల్ల అని చెప్పొచ్చు. పాట ఆ జవాబుల్ని దాటుకుంటూ పోయి, చివరికి దాని పక్కన నిలబడ్డ మనిషి ఒంట్లో చెమట దగ్గర ఆగుతుంది. మా వైపు జముకుల కథ చెప్పేవాళ్ళ తీరు ఇదే. జముకు చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఒక పక్క చర్మం బిగించిన చిన్న కుండలాంటిది, ఆ చర్మం నడిమధ్య నుంచి ఒక తంతి. తంతిని మీటితే గుంయ్‌మని, సాగతీసి ప్రశ్న అడిగినట్టే మోగుతుంది. వంగపండు పాటలన్నీ నాకు ఆ మోతలోంచి పుట్టినట్టే ఉంటాయి. ముందొక పొడుపుకథ వేస్తాడు, విప్పమంటాడు, విప్పాక నవ్వుతాడు. ఆ నవ్వు వెనకాల కోపం ఉంటుంది, అది ఇంటికెళ్ళాక గానీ తెలీదు.

కుడి గడి మొదట్లో బలంగానే ఉండేది. సిద్దిపేట వాడు రాత్రి నిద్రలేచి కూడా అందులో పాటలు రాసేవాడు. "బండెనక బండి కట్టి" రాశాడు, "ఊరు మనదిరా" రాశాడు, "పల్లెటూరి పిల్లగాడా" కూడా రాశాడు. మూడింటికీ పదికి పది. నాకూ నోరు లేవలేదు. ఆ మూడూ కాగితం మీద కూడా నిప్పులాంటి పాటలు.

మా ఇంటివాళ్ళ తమ్ముడు ఒకాయన కింది వాటాలో ఉండేవాడు. అచ్చాపీసులో కంపోజిటర్. సిద్దిపేట వాడు ఆయన్ని "కాకా" అనేవాడు, నేను "బాబాయిగారు" అనేవాణ్ణి. వేళ్ళకి ఎప్పుడూ సిరా నలుపు. ఒక ఆదివారం పొద్దున డాబా మీద చలి కాచుకుంటూ వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. నోటుబుక్కు మా వైపు తిరిగి ఉంది, ఆయనకి తలకిందులు. ఆయన దాన్ని తిప్పుకోకుండానే కుడి గడి గడగడా చదివేశాడు. జీవితమంతా సీసం అక్షరాల్ని తిరగేసి చదివిన మనిషికి తలకిందులు ఒక లెక్కా!

చదివి, చెవిమీద పెన్సిలు తీశాడు. "బండెనక బండి" మీద ఒక గీత గీశాడు. "ఇది బండి యాదగిరిది. నైజాం మీద కొట్లాట నాటిది. మా భూమి సిన్మాల గద్దర్ పాడిండు, రాయలే." ఇంకో గీత. "ఊరు మనదిరా గూడ అంజయ్యది." మూడో గీత. "ఇది సుద్దాల హనుమంతుది. గిదెట్ల రాసినవ్ రా, ఇది సిన్మాల సుత గద్దర్ పాడలే కద!"

సిద్దిపేట వాడి ముఖం చూడాలి ఆ పూట. నేను స్టవ్వు వెనకాల నిలబడి నవ్వు ఆపుకుంటున్నాను. కానీ ఆయన పెన్సిలు ఎడమ గడిలోకి కూడా వచ్చింది. నేను ఎంతో గొప్పగా రాసుకున్న ఒక జముకుల కథ మీద గీత పడింది. "ఇది సుబ్బారావు పాణిగ్రాహిది బిడ్డా. ఆయన 69ల చచ్చిపోయిండు. నువ్వప్పుడు పుట్టినవా?" పుట్టాను, రెండేళ్ళు. ఆ మాట బయటికి అనలేదు.

మరి పుస్తకాల మీద పేర్లు ఎందుకుండవు అని సిద్దిపేట వాడు గింజుకున్నాడు. ఆయన బీడీ వెలిగించుకుని, "ఎన్ని పాటల పుస్తకాలు కూర్చిన్నో ఈ చేతులతోని. పేరు ఏస్తే పోలీసోళ్ళతోని తిప్పలు, ఏయకపోతే మీ అసొంటోళ్ళతోని తిప్పలు" అన్నాడు.

ఆ రోజు తర్వాత నోటుబుక్కు కొన్నాళ్ళు చాప కిందే ఉంది. గొడవ ఆగలేదు, కొంచెం తెలివి తెచ్చుకుంది. సిద్దిపేట వాడు ఒక కొత్త వాదం పట్టాడు. "సరే, రాయలే. కానీ ఆ యాదగిరి పాట నాకెట్ల తెలిసింది? ఈయన పాడితేనే గద? పాటను బతికించినోడు సుత కవే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పురుడు పోసిన మంత్రసానిని అమ్మ అంటామా అన్నాను. "మా ఊళ్ళె అంటం" అన్నాడు.

అప్పుడే వాడు గద్దర్ సొంతంగా రాసినవాటిని ఒక్కొక్కటిగా ఏరడం మొదలుపెట్టాడు. మొట్టమొదటి పాట "ఆపుర రిక్షా" దగ్గర్నుంచి. రిక్షా తొక్కేవాణ్ణి ఆపి, నీ కష్టం ఎటు పోతోందో చూడమని చెప్పే పాట. తర్వాత "సిరిమల్లె చెట్టుకింద లచ్చుమమ్మా". నేను పేపరు చదివినట్టు చదివాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. చదవడం పూర్తయ్యాక, "నువ్వు ఆమెను పిలుస్తలేవు, ఆమె గురించి చెప్తున్నవ్. మళ్ళ చదువు, ఎదురుంగ ఉన్నట్టు" అన్నాడు.

అది సరైన మాటే. అప్పుడు ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు రాస్తున్నాను. గద్దర్ పాటల్లో ఎప్పుడూ ఎదురుగా ఒక మనిషి ఉంటుంది. లచ్చుమమ్మా, చెల్లెమ్మా, అమ్మా. ఆయన దేని గురించీ పాడడు, ఎవరితోనో మాట్లాడతాడు. చిన్నబోయి కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళి ఏమైంది అని అడగడమే పాట. అందుకే మధ్యలో ఆపి కబుర్లు చెప్తాడు, జనాన్ని అడుగుతాడు, మళ్ళీ పల్లవి అందుకుంటాడు. ఒగ్గుకథ చెప్పేవాడూ అంతే కదా. పుస్తకంలో ఒకలా, క్యాసెట్లో ఇంకోలా, సభలో మూడోలా ఉంటుంది. ఈ మూడింట్లో నా కాగితం షరతుకి ఏది సరిపోతుంది? షరతు పెట్టినప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. వంగపండు పాట విత్తనంలా గట్టిగా ఉంటుంది కాబట్టి నేను విత్తనాల పోటీ పెట్టాను. గద్దర్ పాట పారే నీళ్ళు. దాన్ని చేటలో పోసి తూకం వెయ్యాలని చూశాను.

అయినా మార్కులు మాత్రం తగ్గించే వేశాను. పంతం అలాంటిది.

పరీక్ష సంగతి అడక్కండి. వాడికి వచ్చింది, నాకు రాలేదు. నేను వేరే ఉద్యోగంలో చేరి విజయనగరం వెళ్ళిపోయాను. గది ఖాళీ చేసేటప్పుడు స్టవ్వు వాడు తీసుకున్నాడు, నోటుబుక్కు నేను తెచ్చుకున్నాను.

1995 చివర్లో వాడి దగ్గర్నుంచి ఒక ఇన్లాండ్ లెటర్ వచ్చింది. యోగక్షేమాలు ఏమీ లేవు. "ఒరేయ్ రిక్షా చూసినవా? పుట్టుమచ్చ సంగతి జవాబు రాయి." అంతే. "ఒరేయ్ రిక్షా" సినిమాకి వెళ్ళాను. చెల్లెలి మీద అన్న పాడే పాట అందులో ఉంది, మల్లెతీగకు పందిరి అంటూ మొదలవుతుంది. నీ పాదం మీద పుట్టుమచ్చనై ఉంటానంటాడు. నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలేదు, ఆ పాటకే.

థియేటర్లోంచి నడిచి వస్తూ దాని గురించే ఆలోచించాను. అన్న చెల్లెలికి ఏమవుతానని చెప్పుకోవచ్చు? కాలికి పట్టీ అవుతానంటే అందంగానే ఉంటుంది. కానీ పట్టీ తీసేస్తారు, కుదవ పెడతారు, మా ఇంట్లోనే పెట్టారు. పుట్టుమచ్చని ఎవరూ తీయలేరు. అమ్మలేరు కూడా. పైగా అది పాదం మీద. అన్న అనేవాడు పెద్దరికంతో తల మీద చెయ్యి పెట్టే దేశంలో, ఈయన కిందికి వెళ్ళి పాదం దగ్గర చోటు అడుగుతున్నాడు. అది కూడా నల్లటి చుక్కంత చోటు. ఎవరికైనా కనిపిస్తుందా అంటే అదీ లేదు, దుమ్ము పడితే కప్పుకుపోతుంది.

జవాబు రాశాను: "పదికి పది. అయినా ఒప్పుకోను."

వాడు ఆ ఇన్లాండ్‌ని దాచుకున్నాడట. మొదటి రెండు మాటలే అందరికీ చూపించేవాడట.

1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ఆ వారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, మీటరు తిరుగుతూనే ఉంది. పాటల గురించి ఒక్క మాట రాని ఫోన్ అదొక్కటే.

2009లో ఒక పెద్ద సినిమా పాటలో "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" వినిపించింది. మా ఆఫీసులో కుర్రాళ్ళు అది హీరో పాట అనుకున్నారు. నేను చెప్పబోతే, "సార్ మళ్ళీ మొదలెట్టేరు" అని నవ్వారు. ఊడుపుల్లో పాడినవాళ్ళకి రాసినవాడు తెలీదు, డ్యాన్సు చేసినవాళ్ళకీ తెలీదు. మధ్యలో నేనొక్కణ్ణే నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత 2011. సిద్దిపేట వాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు, మా ఇద్దరి మధ్య ఆ విషయం మీద మాటలు కాస్త జాగ్రత్తగా సాగేవి. "కాయితం, పెన్ను తీస్కో" అన్నాడు. తీసుకున్నాను. "పొడుస్తున్న పొద్దు మీద నడుస్తున్న కాలమా. రాస్కున్నవా? ఇప్పుడు పేపర్ చదివినట్టు చదువు. గొంతు లేదు, డప్పు లేదు. నీ షరతే."

చదివాను. పొద్దు పొడవడం మనందరికీ తెలిసిన మాటే. పొద్దున్నే అంటాం, పొద్దుపోయింది అంటాం, అరిగిపోయిన నాణెం లాంటి మాట. ఆయన ఆ పొద్దుని ఒక నేలగా చేసి, దాని మీద కాలాన్ని నడిపించాడు. పొడుస్తున్న, నడుస్తున్న అని రెండు మాటలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నాయి. "జై బోలో తెలంగాణ" సినిమాలో ఆ పాట గద్దరే పాడాడు, కానీ నేనింకా సినిమా చూడలేదు. గొంతు వినకముందే, ట్యూబులైటు కింద, బిల్లు వెనక రాసుకున్న ఆ ఒక్క వాక్యం నిలబడింది.

"ఏమంటవ్ పార్వతీపురం?" అన్నాడు.

"నోటుబుక్కులో రాస్తాలే" అన్నాను.

"మార్కులు?"

"తొమ్మిది."

"ఒకటెందుకు తక్కువ?"

"అన్నంలో రాయి."

ఇరవయ్యేళ్ళు దాచుకున్న అప్పు తీర్చాను.

2020 ఆగస్టు 4న వంగపండు పార్వతీపురంలో తన ఇంట్లోనే పోయారు. కరోనా రోజులు. విజయనగరం నుంచి ఎంతో దూరం లేదు, అయినా వెళ్ళలేకపోయాను. పొద్దున్నే టీవీలో వార్త చూసి నేను నోటుబుక్కు వెతుకుతుంటే ఫోన్ మోగింది. సిద్దిపేట వాడు. వాడూ ఏమీ అనలేదు మొదట. తర్వాత, "ఇన్నేండ్ల సంది అంటున్న, ఆ మాట నాకు ఇప్పటిదాక సరిగ్గ పలుకస్తలేదు. ఒక్కసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడు అన్నాడు. ఒకారం దగ్గర తేడా కొట్టింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అన్నాడు. అలా ఫోన్లో ఒక పాఠం నడిచింది, ఇద్దరు యాభై దాటిన మగవాళ్ళు ఎల్దమొస్తవ, ఎల్దమొస్తవ అనుకుంటూ. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

నా అభిప్రాయం ఏమిటని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. చెప్తాను. రాత మాటకొస్తే వంగపండే. ఒక మాటని తవ్వి, దాని అడుగున ఉన్న ఊరిని, ఊళ్ళో ఉన్న వెటకారాన్ని, వెటకారం కింద ఉన్న కత్తిని ఒక్క పల్లవిలో పైకి తీసుకురావడం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. గద్దర్‌కి అంతటి వాక్యాలు ఓ నాలుగున్నాయి, అవి ఉన్నచోట ఆయన ఎవరికీ తీసిపోడు. మిగతాచోట్ల ఆయనకి వాక్యం అవసరం రాలేదు, మనిషే సరిపోయాడు. ఇది సిద్దిపేట వాడికి చెప్తే "నాలుగు కాదు, పద్నాలుగు" అంటాడు. ఆ పద్నాలుగు లిస్టు రాసి పంపించమన్నాను. ఇంకా పంపలేదు.

2023 ఆగస్టు 6, ఆదివారం. నేను హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. గద్దర్ పోయారని మధ్యాహ్నం తెలిసింది. మర్నాడు ఎల్‌బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా ఊరేగింపు. సిద్దిపేట వాడు నన్ను అల్వాల్‌కి రమ్మన్నాడు. ఇద్దరం కలుసుకున్నాం గానీ లోపలిదాకా వెళ్ళలేకపోయాం, అంత జనం. నిజాం కాలేజీలో లాగే వెనకాలే నిలబడ్డాం. ఈసారి అగ్గిపుల్లంత కూడా కనిపించలేదు.

మా పక్కన ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళు నలుగురైదుగురు. మెడలో ఎర్ర తువ్వాళ్ళు, ఒకడి చేతిలో డప్పు. వరసగా పాడుతున్నారు. ఒక పాట అయిపోయాక డప్పు కుర్రవాడు దరువు మార్చి "ఏం పిల్లడో" అని ఎత్తుకున్నాడు. చుట్టూ జనం అందుకున్నారు. నేనూ అందుకున్నాను, మా యాసలోనే. అయిపోయాక ఆ కుర్రవాడు చెమట తుడుచుకుంటూ, "గద్దరన్న రాసిన పాటల్ల నాకు గిదే పానం" అన్నాడు పక్కవాడితో.

సిద్దిపేట వాడు నా వైపు చూశాడు. నేను ఊరుకున్నాను. ఆ పూట, ఆ చోట, ఎవరి పాట ఎవరిదో చెప్పే నోరు నాకు లేకపోయింది.

వాడే ముందుకు వంగి ఆ కుర్రవాడి భుజం తట్టాడు. "తమ్మీ, అది గద్దర్‌ది కాదు. వంగపండుది."

"ఎవరు?" అన్నాడు కుర్రవాడు.

సిద్దిపేట వాడు ఒక్క క్షణం ఆగాడు. వాడికి గుర్తొచ్చిందని నాకు తెలిసింది, నాకు గుర్తొచ్చిందని వాడికీ తెలిసింది. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ప్రసాదరావు అని, పార్వతీపురం దిక్కు పెదబొండపల్లి అని, ఓడల కంపెనీల పనిచేసిండు అని. ఎల్దమొస్తవ అంటే పోదాం వస్తవా అని గాదు తమ్మీ, దాంట్ల ఇంకో సంగతి ఉంది అని. ఒకారం ఇంకా సరిగ్గా పలకలేదు.

కుర్రవాడు శ్రద్ధగా విని, "మీది ఆ ఊరేనా పెద్దనాయనా?" అన్నాడు.

"నాది గాదు" అని నన్ను చూపించాడు. "వీనిది."